హాల్టు నుంచి ఇంటిదాకా

గుడిమెట్లపాలెం,
నవంబరు.

ఒంగోలు శిక్షణ కేంద్రంలో తెల్లారకముందే పరుగులు తీస్తూ, రాష్ట్ర శాంతిభద్రతలను రెండు భుజాల మీదా మోయడానికి సిద్ధమవుతున్న కాబోయే కానిస్టేబుల్ కుమారి నాగజ్యోతి గారి సముఖానికి, బాబాయి కొడుకు కోటేష్ వంగి వంగి రాసుకునే విన్నపం.

మొట్టమొదట క్షమాపణలు. ఈ ఉత్తరం రాస్తున్నందుకు, దీన్ని నువ్వు చదవాల్సి వస్తున్నందుకు, నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉన్నందుకు, బీటెక్ చదివి కూడా కవరు మీద పిన్‌కోడ్ ఎక్కడ రాయాలో పోస్టుమాస్టరుని అడిగినందుకు, ముందు ముందు మీ శాఖవారి పరువుకి ఒకటి రెండు గీతలు పడబోతున్నందుకు, ఒక్కోదానికి ఒక్కో నమస్కారం చొప్పున మన్నించ ప్రార్థన. నిజం చెప్పాలంటే ఒక్కదానికీ బాధపడటం లేదు. మీ ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది మీవాళ్ళే. ఆదివారం నువ్వు వరసలో నిలబడి చేసే ఆ రెండు నిమిషాల ఫోను ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి నాన్న వినకూడదు. అందుకే కాగితం.

మా చెల్లి అఖిల గుంటూరు ల్యాబులో చేరి జిల్లావాసుల నెత్తురు తీస్తున్న సంగతి నీకు తెలుసు. సాయంత్రం పాసింజరులో వస్తుంది. నల్లపాడులో ఒకడు అదే పెట్టెలో ఎక్కుతున్నాడు. మన హాల్టులో దిగుతున్నాడు. మన ఊరివాడు కాదు, మన ఊళ్ళో వాడికి పనేమీ లేదు. మూతపడిన జిన్నింగు మిల్లు గోడ పొడవునా దాని వెనకే నడుస్తాడు, ఈల వేసుకుంటూ. ఊళ్ళో మొదటి ఇల్లు కనపడగానే వెనక్కి తిరిగి, గుంటూరు వెళ్ళే బండి ఎక్కి పోతాడు. అంటే టిక్కెట్టు కొనుక్కుని వచ్చి మరీ భయపెట్టి పోతున్నాడు. ఇందులో సగం క్రమశిక్షణ నాకుంటే ఈపాటికి నాకూ ఒక ఉద్యోగం ఉండేది.

ముట్టుకోలేదు. మాట అనలేదు. ఈల వేయడం నేరమేనా అక్కా?

నాన్నకి చెప్పొద్దని అఖిల నాచేత మామ్మ ఫోటో మీద ఒట్టు వేయించుకుంది. మా నాన్న యలమందయ్య గారి న్యాయస్థానంలో ఈల వేసినవాడికి శిక్ష పడదు, విన్నదానికి పడుతుంది. “రేపట్నుంచి మానెయ్.” అంతే తీర్పు. అప్పీలుకి పోదామంటే అమ్మ ఉంది గానీ, ఆ కోర్టుకి అధికారాలు లేవు.

ఏం చేయాలో చట్టప్రకారం సెలవియ్యగలరు.

ఇట్లు,
కోటేష్.


ఒంగోలు,
డిసెంబరు.

ఒరేయ్ కోటీ,

నీ క్షమాపణలు చదివేసరికే నాకు దొరికిన తీరిక సగం అయిపోయింది. విషయం ముందు రాయి, వేషాలు తర్వాత వేద్దువుగాని.

ఈల వేయడం వేరు, వద్దంటున్నా రోజూ వెంటపడటం వేరు. రెండోది కొత్త చట్టంలో డెబ్బై ఎనిమిదో సెక్షన్. మాకు పోయిన వారమే చెప్పారు. రైల్లో అయితే రైల్వేవాళ్ళది, రోడ్డు మీద అయితే మాది అని తిప్పితే తిరగొద్దు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ధైర్యంగా వెళ్ళు. నీ బుర్రమీసం కాస్త సవరించుకుని వెళ్ళు.

అఖిల మాత్రం మానకూడదు. నేను పోలీసు పరీక్ష రాస్తానంటే మన రెండిళ్ళలోనూ నవ్వనివాళ్ళు లేరు, నీతో సహా. అదొక్కతే పొద్దున్నే లేచి నాతోపాటు పత్తిచేల గట్ల మీద పరిగెత్తింది. నాకు ఊపిరందక కూర్చుంటే చెయ్యి పట్టి లేపింది. వేసవికి నేను యూనిఫాంలో వచ్చేసరికి అది అదే బండి దిగుతూ నాకు ఎదురు రావాలి. అప్పుడు చూద్దాం వాడి ఈల.

బాబాయితో నేనూ ఏమీ అనను. నువ్వూ అనకు.

జ్యోతక్క.


గుడిమెట్లపాలెం,
డిసెంబరు నెలాఖరు.

డెబ్బై ఎనిమిదో సెక్షన్ ప్రదాత అయిన అక్కగారికి,

ఈసారి క్షమాపణలు క్లుప్తంగా. నువ్వు ఇచ్చిన ఆయుధం పట్టుకుని యుద్ధానికి వెళ్ళాను. ఆయుధంతో సహా క్షేమంగా తిరిగొచ్చాను. దానికే మన్నించాలి.

ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషనుకి వెళితే హెడ్ కానిస్టేబుల్ రసూల్ గారు ఒక్కరే ఉన్నారు.

“ఏం బాబూ, సర్టిఫికెట్లు పోయినాయా?”

“లేదండీ. ఒకడు ఈల వేస్తున్నాడు.”

“ఎవరిమీద?”

“ఒకమ్మాయి వెనకాల.”

“పేరు?”

“వాడి పేరు తెలీదండీ.”

“అమ్మాయి పేరయ్యా.”

“అది చెప్పకూడదండీ.”

ఆయన కలం కింద పెట్టేశారు. “పేరు తెలీనోడు, పేరు చెప్పకూడని పిల్ల. మధ్యలో ఈల. ఏం రాసుకోమంటావు చెప్పు.”

నీ సెక్షన్ తీశాను. “ఎవరు చెప్పారు?” అన్నారు. మా అక్క ట్రైనింగులో ఉందన్నాను. “మంచిదే. మా ట్రైనింగులోనూ బాగానే చెప్పారు,” అన్నారు. ఎగతాళిగా అనలేదు అక్కా, అదే వచ్చిన చిక్కు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. “రాసిస్తానంటే ఇప్పుడే తీసుకుంటా. కానీ మేము ఇంటికి రావాలి, పిల్లని అడగాలి. ఇంట్లో పెద్దాయన ఉంటాడుగా. సరేనా?”

నేను టీ తాగాను.

“మీ చెల్లెలేగా? నాకర్థమైందిలే. ఇక్కడ ఒకళ్ళు కోర్టుకి పోయారు, ఇద్దరు బందోబస్తుకి పోయారు. నువ్వే రోజూ హాల్టుకి ఎదురెళ్ళవయ్యా. మా సిద్దికాకి నేనూ అదే చేస్తున్నా.”

అక్కా, హెడ్ కానిస్టేబులు గారు వాళ్ళమ్మాయికి తనే ఎదురెళుతున్నారు.

కాబట్టి ప్రస్తుతం భద్రతా ఏర్పాట్లు స్వయంగా నేనే. షికారుకని నాన్నకి చెప్పి హాల్టుకి పోతున్నాను. మొదటిరోజు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అఖిల దిగింది. వెనక వాడు దిగాడు. శుభ్రంగా ఉన్నాడు, దువ్విన తల, ఇన్‌షర్టు. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

“టైమెంత బావమరిదీ?”

ఆ క్షణంలో నీ తమ్ముడు చేసిన పరాక్రమాన్ని చరిత్రలో నమోదు చేసుకో. వాచీ చూశాను. “ఆరూ నలభై” అన్నాను. వాడు థాంక్స్ చెప్పాడు.

కింద అఖిల రాస్తానంటే జాగా వదిలాను.

*అక్కా, అన్నయ్య పక్కనుంటే వాడు ఈల కాస్త మెల్లగా వేస్తున్నాడు, అంతే. కానీ అన్నయ్య దారంతా ఏవో జోకులు చెబుతూనే ఉంటాడు, వాడి భయం నాకు వినపడకూడదని. పాపం. ల్యాబులో నాకు సొంతంగా మైక్రోస్కోపు ఇచ్చారు తెలుసా. నేను మానను. అఖిల.*

చదివాను. అందులో నా గురించి రాసింది అబద్ధం.

కోటేష్.


ఒంగోలు,
జనవరి.

కోటీ,

నీ ఉత్తరం అందింది. మొన్న ఆదివారం బయటికి పంపారు. బస్సులో బజారుకెళ్ళి సబ్బులు కొనుక్కుని వచ్చాం. ఇక్కడ విశేషాలు లేవు.

అఖిలని బ్యాగు ముందువైపు వేసుకోమను. రద్దీలో నిలబడాల్సి వస్తే వీపు గోడకి ఆనించి నిలబడమను.

జ్యోతక్క.


గుడిమెట్లపాలెం,
ఫిబ్రవరి మొదట్లో.

మితభాషి అయిన అక్కగారికి,

నీ ఉత్తరం కరెంటు బిల్లులా ఉంది. నాకు కోపం రాలేదు గానీ, వచ్చినట్టు భావించి నువ్వే నాకు క్షమాపణ చెప్పుకో. నేను చెప్పుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మన ఊరికి కెమెరా వచ్చింది! స్టేషనువారి పిలుపు విని కోల్డ్ స్టోరేజీ జయరావు గారు వాళ్ళ నాన్నగారి జ్ఞాపకార్థం మిల్లు గోడ దగ్గర స్తంభానికి పెట్టించారు. కెమెరా కన్నా కింద వాళ్ళ నాన్నగారి ఫోటో ఉన్న రేకు పెద్దది. ప్రారంభానికి ఎస్సై గారు వచ్చారు, రసూల్ గారు వచ్చారు, ఊరంతా వచ్చింది. రిబ్బను కత్తిరించబోతుంటే అమ్మ అడ్డం పడింది.

“ఆగండాగండి, పూజ లేకుండా ఎట్టా? కొత్త ట్రాక్టరుకి చెయ్యమా, కొత్త మోటారుకి చెయ్యమా?”

అందరూ నిజమే అన్నారు. ఎస్సై గారు బూట్లు విప్పారు. అమ్మ పసుపూ కుంకుమా నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియనుకి అందించింది. “మొహానికి నిండుగా పెట్టు నాయనా, బండి లైట్లకి పెడతాం చూడు, అట్టా.” అతను భక్తిపరుడు. నిండుగానే పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాం, చప్పట్లు కొట్టాం. కళ్ళు తెరిచిన కెమెరాకి మనం కళ్ళు మూశామని ఆ జనంలో ఎవరికీ తట్టలేదు. ఇంజినీరుని, నాకూ తట్టలేదు.

ఇక్కడితో వెటకారం చాలిస్తాను.

పోయిన మంగళవారం మిరప కోతకి మనుషులు తక్కువయ్యారని నాన్న నన్ను చేలో ఉంచేశాడు. పొద్దు వాలుతోంది. “నేను హాల్టు దాకా పోయొస్తా” అన్నాను. “హాల్టులో నీకేం పనిరా, సంచి పట్టు” అన్నాడు. ఏం పనో చెప్పకూడదు కదా. సంచి పట్టాను. దూరంగా పాసింజరు వచ్చి ఆగడం వినపడింది. కదలడం కూడా వినపడింది.

గోడ దగ్గర వాడు అఖిల చున్నీ పట్టుకున్నాడు. అది చున్నీ వదిలేసి పరిగెత్తింది. కోతల నుంచి ఒక్కతే వస్తున్న రాజ్యం పిన్ని ఎదురై, తన తలగుడ్డ విప్పి దాని భుజాల మీద కప్పి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, పెరటి గుమ్మం దాకా దింపి పోయింది. ఆ గట్ల మీద మీరిద్దరూ పరిగెత్తిన పరుగు ఊరికే పోలేదక్కా.

మర్నాడు నేను వెళ్ళాను. వాడు దిగాడు. ఆ చున్నీ మెడకి చుట్టుకుని దిగాడు.

జయరావు గారి ఆఫీసులో కెమెరా రికార్డింగు చూడమని రసూల్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన డ్యూటీ దిగాక వచ్చారు. తెర మీద పైన ఎరుపు, చుట్టూ పసుపు. మధ్యాహ్నం అదే, సాయంత్రం అదే.

“ఏందయ్యా ఇది, సూర్యోదయమా?” అన్నారు.

ఇద్దరం నవ్వాం.

కోటేష్.


ఒంగోలు,
ఫిబ్రవరి.

కోటీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. విశేషాలు లేవని రాశానే, ఆ ఆదివారం సంగతి రాస్తున్నాను. అఖిలకి చూపించకు.

మేము బయటికి ఖాకీలోనే వెళ్ళాలి. బస్సులో నిలబడ్డాను. వెనక నుంచి ఒక చెయ్యి నా నడుం మీద పడింది. పొరపాటున తగిలిన చెయ్యి కాదు. వెనక్కి తిరిగాను. నడివయసు మనిషి, చేతిలో కూరగాయల సంచి. నా మొహం చూడలేదు, భుజం చూశాడు. మా భుజాల మీద ఇంకా ఏమీ ఉండదు. ట్రైనింగు పిల్లలని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. చూసి నవ్వాడు. చెయ్యి తీయలేదు.

ఆ చెయ్యి ఎలా పట్టి ఎలా మెలి తిప్పాలో నాకు వచ్చు. ఆ ముందురోజే మైదానంలో చేసి చూపిస్తే మా టీచరు శభాష్ అంది. కానీ గొడవైతే అందరికీ బయటికి వెళ్ళే సెలవు ఆపేస్తారేమోనని, నా పేరు మీద ఏదో రాస్తారేమోనని, బస్సులో అందరూ చూస్తారని, ఇవన్నీ ఒక్కసారే తోచాయి. తర్వాతి స్టాపులో దిగిపోయాను. నడిచి వెళ్ళి సబ్బులు కొన్నాను.

నువ్వు వాడికి టైం చెప్పావని చదివినప్పుడు ఇక్కడ అందరికీ వినిపించి నవ్వించాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అయినా అది మానకూడదురా. అది కూడా మానేస్తే నేనిక్కడ పొద్దున్నే ఎందుకు లేస్తున్నానో నాకు తెలియదు.

జ్యోతక్క.


గుడిమెట్లపాలెం,
మార్చి.

అక్కా,

ఇక్కడ పెద్ద నేరం జరిగింది. జయరావు గారి కల్లంలో ఆరబెట్టి కట్టిన మిరపకాయల బస్తాలు రెండు పోయాయి. కాఫీ చల్లారేలోపు జీపు వచ్చింది. ఎస్సై గారు స్వయంగా గోనెసంచులు లెక్కపెట్టారు. గుంటూరు నుంచి కుక్కని తెచ్చారు. అది కల్లంలోకి దూకి, ఒక్కసారి గట్టిగా వాసన పీల్చి, తుమ్మడం మొదలుపెట్టి, తుమ్మి తుమ్మి, చివరికి జీపు కింద దూరి బయటికి రానంది. ఆ కేసులో న్యాయంగా కన్నీరు పెట్టింది అదొక్కటే.

కెమెరా సంగతి అప్పుడు బయటపడింది. జయరావు గారు తన కండువాతోనే అద్దం తుడిచి, దాన్ని మిల్లు గోడ వైపు నుంచి కల్లం వైపు తిప్పించారు. ఇప్పుడు చాలా బాగా కనపడుతోందట, ఒక్కొక్క కాయ. రాత్రిళ్ళు టార్చిలైట్లతో కాపలా. హాల్టు రోడ్డు మాత్రం ఎప్పటిలా చీకటి.

“అన్నయ్యా, నన్ను కూడా సంచిలో కుట్టి కల్లంలో పెట్టండి. ఎవరూ ముట్టుకోరు,” అంది అఖిల.

ఆ మాట అన్న రెండు మూడు రోజులకే నాన్నకి సంగతంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తెలీదు. ఊరన్నాక ఎవరో ఒకరు అంటారు. రసూల్ గారు నోరు జారి ఉండొచ్చు. రాజ్యం పిన్ని చెప్పిందని అఖిల అనుకుంటోంది. ఆవిడ గుమ్మంలోకి వస్తే లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ కాసేపు నిలబడి, తలగుడ్డ కూడా అడక్కుండా పోయింది.

అఖిల ఉద్యోగం మానేసింది. నాన్నే ల్యాబుకి ఫోను చేసి చెప్పాడు. అది ఏడవలేదు. పెరట్లో కూర్చుని అమ్మతోపాటు తొడిమలు తీస్తోంది.

నీకు రాయడం ఆలస్యమైంది.

కోటేష్.


ఒంగోలు,
మార్చి.

కోటీ,

మాకు విచారణ ఎలా చేయాలో చెబుతున్నారు. మొదట, సంగతి ఎవరెవరికి తెలుసో చూడమంటారు. నాకు, నీకు, అఖిలకి, రాజ్యం పిన్నికి, రసూల్ గారికి.

రాజ్యం పిన్నీ బాబాయీ గట్టు తగాదా అయిన దగ్గర్నుంచి మాట్లాడుకోరు. రసూల్ గారు చెప్పాలనుకుంటే డిసెంబరులోనే జీపులో వచ్చి చెప్పేవారు. అఖిల చెప్పదు. నేను ఆదివారం ఫోనులో బాబాయితో ఎండల గురించే మాట్లాడాను.

ఇంకొకటి. నీ ఉత్తరాల్లో మొదటిసారి క్షమాపణ లేకుండా వచ్చింది ఇదే.

జ్యోతక్క.


గుడిమెట్లపాలెం,
ఏప్రిల్.

అక్కా,

రాజ్యం పిన్ని చెప్పలేదు. నిన్న పొద్దున అఖిలకి ఆ మాట చెప్పి, తలగుడ్డ ఉతికి ఆవిడకి ఇచ్చి వచ్చాను. అఖిల నాకు అన్నం పెట్టింది. పెట్టి అవతలికి వెళ్ళిపోయింది.

కుక్క వచ్చి వారం తిరక్కుండానే ఒక సాయంత్రం హాల్టులో వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. బరువుగా కాదు, కాలేజీ స్నేహితుడు వేసినట్టు. అఖిల ముందు నడుస్తోంది. “రోజూ నీకెందుకు శ్రమ బావమరిదీ? రేపట్నుంచి నువ్వు రాకు. నేను దింపుతాలే,” అన్నాడు. మొదటి ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి నా భుజం మీదే ఉంది. నేను తీయలేదు. జోకు కూడా చెప్పలేదు. అఖిల ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

ఇంటికొచ్చేసరికి నాన్న అన్నం తింటున్నాడు. అఖిల పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. ఆ నీళ్ళ చప్పుడు ఆగితే అది లోపలికి వస్తుంది. ఆగేలోపు చెప్పాలనుకున్నాను. చెబితే ఏమవుతుందో తెలుసు. తెలిసే చెప్పాను.

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. వాడెవడు అని అడగలేదు. ఎలా ఉంటాడని అడగలేదు. “రేపట్నుంచి మానెయ్యమను,” అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. ఇంక సాయంత్రాలు హాల్టుకి పోనక్కర్లేదు అనుకున్నాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టిందక్కా.

వాడు ఇప్పటికీ దిగుతున్నాడట. ఇప్పుడు పాలకేంద్రం వాళ్ళమ్మాయి వెనక. వాళ్ళ అన్నయ్య నిన్న నా దగ్గరికొచ్చి, నువ్వేం చేశావురా అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

స్టేషనుకి వెళ్ళాను గానీ ఫిర్యాదు ఇవ్వలేదు. రోజూ ఎదురెళ్ళాను గానీ అడ్డం నిలబడలేదు. ఇన్ని నెలల్లో నేను చేసిందంటూ ఉన్నది ఒక్కటే.

నాన్నకి చెప్పాను.

కోటేష్.